కౌంట్ బాగానే ఉన్నా ఎంజైమ్ టెస్ట్ ఎందుకు?

బ్రదర్, శుక్రకణాల కౌంట్ మిల్లీలీటరుకు 40 మిలియన్లు, కదలిక 50 శాతం ఉన్నా రెండేళ్లుగా పిల్లల్లేరు, ఇప్పుడు యాక్రోసిన్ టెస్ట్ రాశారు, అదేంటి అని అడిగారు కదా. ముందు టెన్షన్ తగ్గించుకోండి. 2021 డబ్ల్యూహెచ్ఓ లెక్కలో కింది హద్దులు కౌంట్‌కి మిల్లీలీటరుకు 16 మిలియన్లు, కదలికకి 42 శాతం. మీవి పైనే ఉన్నాయి.

కౌంట్ అంటే తలలు లెక్కపెట్టడమే, పని చేస్తాయో లేదో అది చెప్పదు. శుక్రకణం తలకి టోపీలాంటి సంచి ఉంటుంది, పేరు యాక్రోసోమ్. అందులోని యాక్రోసిన్ లాంటి ఎంజైములు అండం దగ్గర బయటికొచ్చి, దాని పైపొర దాటడానికి సాయపడతాయి. ఆ టోపీయే లేకపోతే కౌంట్ ఎంతున్నా కణాలు పొర దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ ఉంది. అయితే ఇది రొటీన్ టెస్ట్ కాదు. ఫలితాన్ని బట్టి వైద్యం మారుతుందా అని ఆండ్రాలజిస్టును (మగవారి సంతాన సమస్యలు చూసే డాక్టర్‌ని) అడిగాకే డబ్బు పెట్టండి. మీ ఆవిడ పరీక్షలు అయ్యాయో లేదో మీరు రాయనే లేదు.

స్టీల్‌ప్లాంట్‌లో ఫర్నేస్ దగ్గర డ్యూటీ అన్నారు, ఆ వేడి శుక్రకణాలకు పడదు. కణం తయారీకి సుమారు 74 రోజులు పడుతుంది. వీలైతే డ్యూటీ మార్పించుకుని మూడు నెలలకు మళ్లీ చూపించండి. శాంపిల్ మాత్రం ల్యాబ్‌లోనే ఇవ్వండి. నేను గాజువాక నుంచి మే నెల ఎండలో బైక్ మీద పట్టుకెళ్లి, ట్రాఫిక్‌లో గంట దాటిపోయి, ఆ ఆలస్యానికి కదలిక పడిపోయిన రిపోర్ట్ చూసి అనవసరంగా ఏడ్చాను.