ఇంటిపని పంచుకునే ముందు

చి. అబ్బాయికి, కోడలమ్మకు ఆశీస్సులు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. పంపకం మొదలుపెట్టే ముందు 7 రోజులు, ఎవరు ఏ పని చేస్తే వాళ్లు ఒకే కాగితం మీద రాయండి. చేత్తో చేసేవే కాదు. సరుకులు ఎప్పుడు నిండుకుంటాయో చూసుకోవడం, పిల్లల టీకా తేదీ గుర్తుంచుకోవడం కూడా రాయాలి. ఆ వారం ఎవరూ ఎవరినీ ఏమీ అనకండి.

వంట, గిన్నెలు, పిల్లల్ని బడికి తయారుచేయడం రోజూ వేళకు జరిగి తీరాలి. బిల్లులు, మరమ్మతులు వీలునుబట్టి చేసుకోవచ్చు. లెక్కకు చెరి సగం వచ్చినా, వేళ తప్పకూడని పనులన్నీ ఒకరి మీదే పడితే ఆ మనిషికి తీరిక అన్నదే ఉండదు. కాబట్టి ముందు అవే పంచుకోండి.

పని అప్పగిస్తే మొత్తంగా అప్పగించండి. బట్టలు ఒకరివంటే సబ్బుపొడి అయిపోకముందే తేవడం దగ్గర్నుంచి ఉతికి, ఆరేసి, మడతపెట్టి అలమరలో సర్దేదాకా వాళ్లదే. చాలా ఇళ్లలో చెడేది ఇక్కడే: ఒకరు చేస్తుంటారు, ఇంకొకరు గుర్తుచేస్తుంటారు. గుర్తుచేసేవాళ్లకు బరువు తగ్గదు, చేసేవాళ్లకు ఆ పని తమదనిపించదు. ఎక్కడితో పూర్తయినట్టో కూడా ముందే అనుకోండి. గిన్నెలు తోమడమంటే సింకు కడిగి, గట్టు తుడిచేదాకా. ఆపైన ఎవరి పద్ధతి వాళ్లది. మడత వంకరగా ఉందని మళ్లీ మడిచారో, ఆ పని తిరిగి మీ నెత్తికే వస్తుంది.

పిల్లల్ని చిన్నప్పుడే కలుపుకోండి, ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా వద్దు. 3 ఏళ్లకు బొమ్మలు బుట్టలో వేయగలరు. 6 ఏళ్లకు మేజోళ్లు జతచేస్తారు, 10 ఏళ్లకు గిన్నెలు కడుగుతారు. 12 దాటాక, మీరు పక్కనుండగా పొయ్యి దగ్గర నిలబడవచ్చు. "గది సర్దు" అంటే చిన్నవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "పుస్తకాలు అరలో పెట్టు" అంటే తెలుస్తుంది. ముందు మీరు చేసి చూపించండి, తర్వాత కలిసి చేయండి, ఆ తర్వాత వాళ్లు చేస్తుంటే ఊరికే చూడండి. నేర్పేటప్పుడు రెట్టింపు సమయం పడుతుంది, అందుకే బడికి పరుగులు తీసే పొద్దున పూట కాక సెలవు రోజున మొదలుపెట్టండి.

వారానికొకసారి, అలసట లేని వేళ, 15 నిమిషాలు కూర్చోండి. పాత తప్పులు తీయకండి. వచ్చే వారం ఎవరికి ఆఫీసు ఒత్తిడి ఎక్కువో చూసి, ఆ వారం మటుకు పనులు మార్చుకోండి.