ఇంటర్ ఒకేషనల్ తీసుకుంటే డిగ్రీ, ఇంజినీరింగ్ దారులు మూసుకుపోతాయా?
మూసుకుపోవు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఒకేషనల్ విద్యార్థులు బ్రిడ్జ్ కోర్సు పాసైతే ఎంపీసీ, బైపీసీ వాళ్లలాగే సైన్స్ చదువులకు వెళ్లవచ్చు.

ఒకేషనల్‌లో రెండేళ్లూ ఎక్కువ సమయం పని నేర్చుకోవడానికే పోతుంది. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ వంటివి పూర్తి స్థాయిలో ఉండవు. ఆ లోటు పూడ్చేదే బ్రిడ్జ్ కోర్సు. పరీక్ష పెట్టేది కూడా ఇంటర్ బోర్డే. బీకాం, బీఏ లాంటి వాటికి మామూలుగా దీని అవసరం ఉండదు.

మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చూడండి. గాజు పలక మీద రక్తపు చుక్క వేసి, ఇంకో పలక అంచుతో ఒక్క తోపులో పల్చగా పరచడం పదిహేడేళ్లకే చేతికి వస్తుంది. ఈ కోర్సు చదివిన అమ్మాయి ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్‌షిప్ చేసి ఉద్యోగం వెతుక్కోవచ్చు. బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో బ్రిడ్జ్ రాసి బీఎస్సీ వైపూ వెళ్లవచ్చు.

చాలామంది తల్లిదండ్రులు దీన్ని ఐటీఐతో కలిపేసి, "మార్కులు రాని పిల్లలకే" అనుకుంటారు. అది పొరపాటు. ఒకేషనల్ కూడా ఇంటర్మీడియటే, సర్టిఫికెట్ ఇచ్చేదీ అదే బోర్డు. అసలు నష్టం వేరే చోట జరుగుతోంది: బ్రిడ్జ్ సంగతి చేరేటప్పుడే ఎవరూ చెప్పరు, రెండో ఏడాది చివర్లో తెలిసి పిల్లలు టెన్షన్ పడతారు. అడ్మిషన్ రోజే కాలేజీలో అడగండి.