ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం లీక్ అవుతుంటే మగవాళ్లకు ఫిజియోథెరపీ పనిచేస్తుందా?

తమ్ముడూ, క్యాన్సర్ వల్ల మీ బాపుకు ప్రోస్టేట్ మొత్తం తీసేశారని, మూత్రం పైపు (క్యాథెటర్) తీసినప్పటి నుంచి దగ్గినా మంచం మీంచి లేచినా మూత్రం పడుతోందని రాశారు. కల్లంలో మిర్చి ఘాటుకు దగ్గు వచ్చి పంచె తడుస్తోందని ఆయన పరకాల దాటి రావడమే మానేశారని, ఫిజియోథెరపీ మాటెత్తితే "అవి బాలింతలు చేసేవి" అంటున్నారని చదివి చాలా బాధేసింది. నాకూ అదే ఆపరేషన్ హైదరాబాద్‌లో అయింది, నేనుండేది హనుమకొండలో. పనిచేస్తుంది. నాకు పనిచేసింది. కాకపోతే సరైన కండరం కదులుతోందో లేదో చూసి చెప్పే మనిషి ఉండాలి.

ముందు బాపుకు ఇలా చెప్పి చూడండి. మూత్రాన్ని ఆపే కండరాలు రెండు చోట్ల ఉంటాయి. పైది మన ప్రమేయం లేకుండా దానంతట అదే మూసుకుని ఉంటుంది. అది ప్రోస్టేట్‌ను ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆపరేషన్‌లో దాని పని పోతుంది. ఇక భారమంతా కింది కండరం మీదే పడుతుంది. దానికి తోడుగా ముందు ఎముక నుంచి వెనక వెన్ను చివరి దాకా చీరతో కట్టిన ఉయ్యాలలా పరుచుకున్న కండరాలను పెల్విక్ ఫ్లోర్ అంటారు. ఇవి ఆడవాళ్లకు ఉన్నట్టే మగవాళ్లకూ ఉంటాయి. ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికా డాక్టర్ 1948లో ఈ కండరాలను బిగించి వదిలే వ్యాయామాల గురించి రాసింది కాన్పు అయిన ఆడవాళ్ల కోసమే, అంతవరకు బాపు మాట నిజం. కానీ ప్రోస్టేట్ తీయించుకున్న మగవాళ్లకు కూడా యూరాలజిస్టులు ఇవే చెప్తారు.

డిశ్చార్జి కాగితంలో "కీగెల్ ఎక్సర్‌సైజులు చేయాలి" అని ఒక్క ముక్క రాస్తారు. అది సరిపోదు. బిగించమంటే చాలామంది పొట్ట బిగిస్తారు, పిరుదులు నొక్కుతారు, ఊపిరి బిగబడతారు. పొట్ట బిగిస్తే ఆ ఒత్తిడంతా మూత్రాశయం మీదికి దిగుతుంది, లీక్ ఇంకా పెరుగుతుంది. నన్ను చూసిన ఫిజియో నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ ఆపుకుంటున్నట్టు, అంగాన్ని లోపలికి లాక్కుంటున్నట్టు చేయమన్నారు. పొత్తికడుపు మీద స్కానింగ్ మిషన్ పెట్టి, సరిగ్గా బిగించినప్పుడు మూత్రాశయం అడుగుభాగం పైకి లేవడం స్క్రీన్ మీద చూపించారు. కళ్లారా చూశాక ఇక అనుమానం లేదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి చూడటం కండరం ఎక్కడుందో తెలియడానికి ఒకసారి చాలు. దాన్నే రోజూ వ్యాయామంగా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

మొదట పడుకుని, అది పట్టుబడ్డాక కూర్చుని, తర్వాత నిలబడి చేయాలి. మెల్లగా బిగించి, ఊపిరి మామూలుగా తీసుకుంటూ, ఆగగలిగినంత సేపు ఆగి వదలాలి. వదిలిపెట్టడం కూడా పూర్తిగా జరగాలి, బిగించినంత సేపు విశ్రాంతి ఇవ్వాలి. 10 సెకన్ల చొప్పున 10 సార్లు, రోజుకు మూడు పూటలా చేయగలగడం మామూలుగా పెట్టుకునే లక్ష్యం. వీటితో పాటు టక్కున బిగించి టక్కున వదిలేవి కొన్ని ఉంటాయి, దగ్గుకు తుమ్ముకు పనికొచ్చేవి అవే.

అన్నిటికంటే నాకు మేలు చేసింది ముందే బిగించడం. లేవబోయే ముందు, దగ్గు గొంతులోకి రాగానే, కింద కూర్చుని తిని లేచేటప్పుడు, బండి మీద కాలు వేసేటప్పుడు, ముందు బిగించి తర్వాత కదలాలి. మీ బాపు కల్లంలో చేయాల్సింది ఇదే. బస్తాలు ఎత్తడం మాత్రం సర్జన్ సరేనన్నాకే.

టైము పడుతుంది తమ్ముడూ. చాలామందికి 3 నుంచి 6 నెలల్లో బాగా తేడా తెలుస్తుంది, కొందరికి ఏడాది పడుతుంది. సాధారణంగా రాత్రి పడకలో లీక్ ముందు తగ్గుతుంది, సాయంత్రానికి కండరం అలసిపోయి మళ్లీ ఎక్కువ అనిపిస్తుంది. దానికి టెన్షన్ పడి నీళ్లు మానేయొద్దని చెప్పండి. మూత్రం చిక్కబడితే మంట, తొందర ఇంకా పెరుగుతాయి. టీ తగ్గిస్తే మేలు. మలబద్ధకం ఉంటే ముక్కి ముక్కి ఆ కండరాలే బలహీనపడతాయి. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి, లేకపోతే మూత్రమే ఎక్కువ తయారవుతుంది.

ఒక్క హెచ్చరిక. ప్రోస్టేట్ అన్న మాట వినగానే బిగించమని చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. తొడల మధ్య, పొత్తికడుపులో చాలాకాలంగా నొప్పి ఉండేవాళ్లలో కొందరికి ఈ కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి. వాళ్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. వాళ్లకు కావాల్సింది వదులు చేయడం, పొట్టతో నెమ్మదిగా ఊపిరి తీయడం. పైపు ఉన్నన్నాళ్లూ ఎవరూ ఈ వ్యాయామం చేయకూడదు. మూత్రంలో రక్తం, చలిజ్వరం, లేదా మూత్రం అసలు రాకపోవడం ఉంటే ఫిజియో దగ్గరికి కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వరంగల్, హనుమకొండల్లో ఫిజియోలు చాలామందే ఉన్నా, ఎక్కువమంది మోకాళ్లు, నడుము చూసేవాళ్లే. అందుకని వెళ్లే ముందు ఫోన్ చేసి "మగవాళ్లకు పెల్విక్ ఫ్లోర్ చూస్తారా?" అని సూటిగా అడగండి. యూరాలజిస్ట్‌ను రాసిచ్చి పంపమన్నా పంపుతారు. దగ్గర్లో దొరక్కపోతే ఒకసారి హైదరాబాద్ వెళ్లి పరీక్ష చేయించుకుని, ఆ తర్వాత వీడియో కాల్‌లో కొనసాగించవచ్చు, నేను చేసింది అదే. వెళ్లేముందు ఒక రెండు మూడు రోజులు ఎంత తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు లీక్ అయింది, ఎన్ని ప్యాడ్లు మార్చారు అన్నవి నోటుబుక్కులో రాసి ఆపరేషన్ కాగితాలతో పాటు తీసుకెళ్లండి. పరీక్ష తలుపు వేసిన గదిలో, ముందుగా చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే చేస్తారని బాపుకు ఇంట్లోనే చెప్పండి. ఆ భయం తీరితే ఆయన బస్సెక్కుతారని నా నమ్మకం.