సగటు మనిషి బస్సెక్కడండీ

ప్రశ్న: మా చిన్నాసుపత్రిలోని డయాలసిస్‌ను, గర్భిణుల ఓపీని పెద్దాసుపత్రికి మార్చి, అపాయింట్‌మెంట్లు ఇక యాప్‌లోనే ఇస్తారట. సలహా కమిటీలో నేను రోగుల తరఫు సభ్యుణ్ణి. ‘మార్పు అందరికీ ఒకటే కదా, వివక్షేముంది?’ అని ఆసుపత్రివాళ్లు అంటున్నారు, మేడమ్. నేనేం అడగాలి?

జవాబు: నర్సింగ్ సూపరింటెండెంట్‌గా ఉన్నన్నాళ్లూ ఈ ‘అందరికీ ఒకటే’ నా చెవిన పడుతూనే ఉండేది. రూలు ఒకటే కావచ్చు, దాని బరువు అందరి మీదా ఒకేలా పడదు.

డయాలసిస్ సంగతే చూడండి. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. రానూపోనూ చెరో అరగంట పెరిగినా వారానికి మూడు గంటలు అదనం. మిషన్ మీంచి లేచేసరికి చాలామందికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతుంటాయి. ఆ మనిషి రెండు బస్సులు మారాలి. సొంత కారుంటే అదే దూరం ఒక కునుకు. ఫైలులో మాత్రం ఇద్దర్నీ కలిపి ‘సగటున ఇన్ని నిమిషాలు’ అని రాస్తారు. సగటు వద్దనండి. అందరికంటే దూరాన ఉన్నవాళ్లు, బండి లేనివాళ్లు, రాత్రి షిఫ్టులో డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఎంతమందో చెప్పమనండి.

యాప్‌ను నేను కాదనను. వినికిడి లేనివాళ్లకు ఫోన్ చేసే బాధ తప్పుతుంది. కానీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటే, ఆవిడ గర్భనిరోధకం గురించి డాక్టర్ని కలవాలనుకున్న మెసేజ్ ముందు ఎవరు చదువుతారు? యాప్ ఉండనివ్వండి, కౌంటరు మాత్రం తీసేయనివ్వకండి.

బాగా అవసరమున్న చోటే మంచి వైద్యం తక్కువగా అందుతుందని బ్రిటన్ డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశారు. అక్కడి 2010 సమానత్వ చట్టం 149వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు ఏ నిర్ణయం చేసినా వికలాంగులు, గర్భిణులు, వృద్ధులు వంటి వారి మీద దాని ప్రభావాన్ని పట్టించుకోవాలి. అదీ నిర్ణయానికి ముందే. అయిపోయాక సమర్థించుకోవడానికి రాసుకున్న కాగితం చెల్లదని కోర్టులు చెప్పాయి. ఆ చట్టం పేర్కొన్న తొమ్మిది అంశాల్లో వయసుంది, మతముంది, పేదరికం లేదు! కాబట్టి మార్పు ఎవరి మీద ఎంత పడుతుందో ముందే లెక్కవేసే ‘ప్రభావ అంచనా’కు ఎవరి ఫారం వాడినా, డబ్బు సంగతి మీరే విడిగా అడగాలి.

ఇక మీ మీటింగులో ముందుగా తేదీలు చూడండి. ప్రభావ అంచనా కన్నా ముందే బిల్డింగ్ టెండరు పిలిచేసి ఉంటే, అక్కడే పట్టుకోండి. మార్పు జరిగిన ఆర్నెల్లకు ఎవరెవరు రావడం మానేశారో వయసు, ఆడామగా, ప్రాంతం వారీగా లెక్క తీయాలి. ఆ లెక్క ఎవరు తీస్తారో, తేడా వస్తే ఏం వెనక్కి తెస్తారో మీటింగు మినిట్స్‌లో రాయించాకే సంతకం పెట్టండి.