బయటి ఏపీకే ఫోన్‌లో ఎక్కట్లేదా? ముందు ఫోన్ ఏమంటోందో చదవండి

ప్రశ్న: మా ఊరి పాల కేంద్రం లెక్కలకు తమ్ముడు ఒక చిన్న యాప్ రాశాడు. పన్నెండు ఫోన్లలో వాడుతున్నాం. కొత్త వెర్షన్ ఏపీకేని (యాప్‌ని ఎక్కించే ఫైలు) వాట్సాప్‌లో పంపితే కొన్ని ఫోన్లు తీసుకోవట్లేదు. 2027 నుంచి ఇలా సొంతంగా యాప్ ఎక్కించుకోవడమే కుదరదంటున్నారు. ఏం చేయాలి?

జవాబు:

కంగారుపడి ఫోన్‌లో భద్రత సెట్టింగులన్నీ ఒక్కసారిగా ఆపేయకండి. అందరూ మొదట చేసే తప్పు అదే. అడ్డుపడేది ఒక్క తలుపు కాదు, వరుసగా చాలా ఉన్నాయి. ఏ తలుపు దగ్గర ఆగిందో ఫోనే చెబుతుంది. ఆ పన్నెండు ఫోన్లలో ఏ ఫోన్ ఏ మాట చూపిస్తోందో ముందు స్క్రీన్‌షాట్లు తెప్పించండి.

"ఈ సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి అనుమతి లేదు" అంటే చిన్న పని. ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఫోన్ మొత్తానికి కాకుండా ఒక్కో యాప్‌కి విడివిడిగా ఇవ్వాలి. వాట్సాప్‌కి ఇవ్వకండి. ఏపీకేని డౌన్‌లోడ్స్‌లో దాచుకుని, ఫైల్స్ యాప్‌కి మాత్రమే అనుమతిచ్చి, పని కాగానే తీసేయండి. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ పేర్లతో తిరిగే దొంగ ఏపీకేలు వచ్చేది వాట్సాప్‌లోనే. ఆ దారి ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు.

"ప్లే ప్రొటెక్ట్ ఈ యాప్‌ను బ్లాక్ చేసింది" అని వచ్చి, "అయినా ఇన్‌స్టాల్ చేయి" అనే బటనే కనపడకపోతే అది వేరే కథ. ప్లే ప్రొటెక్ట్ అంటే ఫోన్‌లో యాప్‌లను పరీక్షించే గూగుల్ కాపలా. మీ సమస్యలో సగం ఇక్కడే ఉందని నా నమ్మకం. మోసాల నుంచి కాపాడే ఈ అదనపు కాపలాను 2024 ఫిబ్రవరిలో సింగపూర్‌లో మొదలుపెడుతున్నట్టు గూగుల్ ప్రకటించింది, అదే ఏడాది అక్టోబరులో మన దేశానికీ ప్రకటించింది. బ్రౌజర్, మెసేజింగ్ యాప్, ఫైల్ మేనేజర్ ద్వారా వచ్చిన ఏపీకే నాలుగు అనుమతుల్లో ఏ ఒక్కటి అడిగినా ఆపేస్తుంది: ఎస్సెమ్మెస్ అందుకోవడం, ఎస్సెమ్మెస్ చదవడం, నోటిఫికేషన్లు చదవడం, యాక్సెసిబిలిటీ (తెర మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కగల అనుమతి). యాప్ ఆ అనుమతిని నిజంగా వాడుతుందా లేదా అన్నది చూడదు. యాప్ తనకు కావాల్సిన అనుమతులు రాసుకునే మేనిఫెస్ట్ ఫైలులో ఆ పేరు ఉంటే చాలు.

పాల లెక్కల యాప్‌కి ఎస్సెమ్మెస్‌తో పనేమిటంటారా? బిల్లు డబ్బు పడ్డాక బ్యాంకు పంపే మెసేజ్ చదివి, రైతు ఖాతాలో దానంతట అదే జమ రాసుకోవాలని కుర్రాళ్లు ముచ్చటపడి పెడతారు. కొత్త వెర్షన్ మాత్రమే ఆగుతోంది కాబట్టి, తమ్ముడు ఈసారి అలాంటిదేదో కలిపి ఉంటాడు. ఆ అనుమతి తీసేయించండి. దాని బదులు యాప్‌ని షేర్ జాబితాలో కనపడేలా రాయమనండి. డబ్బు పడ్డ మెసేజ్‌ని నొక్కి పట్టి, షేర్ నొక్కి, పాల యాప్‌ని ఎంచుకుంటే ఆ ఒక్క మెసేజ్ పాఠం యాప్‌లోకి వెళుతుంది. ఏ అనుమతీ అక్కర్లేదు. రెండు నొక్కులు ఎక్కువైనా, ఓటీపీలతో సహా ప్రతి మెసేజ్‌నీ చదవగల యాప్ పన్నెండు మంది జేబుల్లో ఉండటం కన్నా ఇది వంద రెట్లు మేలు. ప్లే ప్రొటెక్ట్ స్కాన్ ఆపేసి ఎక్కించొచ్చు కానీ, పెద్దవాళ్ల ఫోన్లలో ఆపితే మళ్లీ వేసేవాళ్లు ఉండరు. ఫోన్ మాట్లాడుతూ ఉండగా ఆపడం ఎలాగూ కుదరదు. పక్కన లైన్‌లో ఉండి ఆపించే మోసగాళ్ల కోసమే ఆ ఏర్పాటు, అది సరైనదే.

మూడో మాట: "ఇప్పటికే ఉన్న ప్యాకేజీతో సరిపోలడం లేదు, యాప్ ఇన్‌స్టాల్ కాలేదు." దీనికి గూగుల్‌తో ఏ సంబంధమూ లేదు. తప్పు తమ్ముడి లాప్‌టాప్‌లో ఉంది. ప్రతి ఏపీకే మీద ఒక కీతో సంతకం పడుతుంది, పాత దాని మీదా కొత్త దాని మీదా ఒకే సంతకం ఉంటేనే అప్‌డేట్ ఎక్కుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఊరికే రన్ నొక్కి తీసిన ఏపీకేకి డీబగ్ కీ (పరీక్షల కోసం దానంతట అదే తయారయ్యే కీ) పడుతుంది. ఆ కీ ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోటి తయారవుతుంది. లాప్‌టాప్ మార్చినా, విండోస్ మళ్లీ వేసినా పాత కీ పోయినట్టే. అప్పుడు పాత యాప్ తీసేసి కొత్తది వేయడం తప్ప దారి లేదు, తీసేస్తే లోపలి లెక్కలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. పాత లాప్‌టాప్ ఇంకా ఉంటే యూజర్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఆండ్రాయిడ్ ఫోల్డర్ వెతకండి. అందులోని డీబగ్ కీస్టోర్ (ఆ కీ ఉండే ఫైలు) దొరికితే, దానితోనే ఒక్క అప్‌డేట్ పంపి, లెక్కలు ఫైలుగా బయటికి తీసే బటన్ పెట్టించండి. లెక్కలు భద్రమయ్యాక అసలైన రిలీజ్ కీ (అందరికీ పంచే వెర్షన్లకు వాడే సొంత కీ) చేసుకోండి. కీ చేసేటప్పుడు ఎంచుకోవాల్సినవి: ఆర్ఎస్ఏ రకం, 2048 బిట్లు, గడువు 10000 రోజులు, అంటే 27 ఏళ్లకు పైగా. కీ ఫైలు రెండు పెన్‌డ్రైవ్‌లలో, పాస్‌వర్డ్ కాగితం మీద, రెండూ వేర్వేరు చోట్ల దాచండి.

ఇక సామ్‌సంగ్ ఫోన్లలో ఆటో బ్లాకర్ అని ఒకటుంది. సామ్‌సంగ్ సొంత సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 6.1.1 నుంచి అది ముందే ఆన్ అయి వస్తోంది. బయటి ఏపీకేలను, కేబుల్ ద్వారా వచ్చే కమాండ్లను రెండింటినీ ఆపుతుంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అండ్ ప్రైవసీ కింద ఆటో బ్లాకర్ ఆపి, యాప్ వేసి, మళ్లీ ఆన్ చేయండి. ఎక్కిన యాప్‌ని అది తీసేయదు.

అందరూ భయపడే కేబుల్ దారి నిజానికి అన్నిటికన్నా నమ్మకమైనది. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి (సామ్‌సంగ్‌లో ఇది సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ లోపల ఉంటుంది). అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కంప్యూటర్‌లో గూగుల్ ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ జిప్ విప్పి, అందులోని ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే టూల్) డివైసెస్ కమాండ్ ఇవ్వండి. ఏమీ కనపడకపోతే చాలాసార్లు తప్పు కేబుల్‌దే, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు ఇళ్ల నిండా ఉంటాయి. "అన్‌ఆథరైజ్డ్" అని వస్తే ఫోన్ తెర మీద అనుమతి అడుగుతూ ఉంటుంది, ఒప్పుకోండి. తర్వాత ఇన్‌స్టాల్, హైఫన్ ఆర్, ఫైలు పేరు. ఆ ఆర్ ఉంటే పాత లెక్కలు పోకుండా మీదనే ఎక్కుతుంది. షావోమీ ఫోన్లలో ఇంకో మెలిక: "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ" స్విచ్ విడిగా ఉంటుంది, అది పడాలంటే సిమ్ ఉండాలి, వాళ్ల ఖాతాలోకి లాగిన్ కావాలి. డబ్బిచ్చి కొన్న ఫోన్‌కి కేబుల్ పెట్టుకోవడానికి ఖాతా ఎందుకో నాకు ఏ కోణంలోనూ న్యాయంగా కనపడదు.

పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే తెరుచుకోని బ్యాంకు యాప్‌లు మన దగ్గర చాలా ఉన్నాయి. కొందరు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేసి వేరే రోమ్ (ఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకోమంటారు. మీ పన్నెండు మందికి ఆ సలహా ఇవ్వకండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ మారలేదని చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో తప్పి, పేమెంటు యాప్‌లే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఇప్పుడు 2027 సంగతి. సర్టిఫైడ్ (గూగుల్ ఆమోదం ఉన్న) ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కే ప్రతి యాప్ వెనకా గుర్తింపు చూపిన డెవలపర్ ఉండాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలు, 2027 నుంచి మిగతా దేశాలకు అని చెప్పింది. గొడవ పెరిగాక నవంబరులో, ప్రమాదం తెలిసి ఒప్పుకునేవాళ్లకు వేరే దారి ఇస్తామంది. కేబుల్ దారిని మూయబోమని కూడా చెప్పింది. కాబట్టి "కుదరదు" అన్నది నిజం కాదు, కష్టమవుతుంది అన్నది నిజం.

ఆ కష్టం పడాల్సింది ఎవరన్నదే నా బాధ. అద్దెకు బ్యాంకు ఖాతాలు తెచ్చుకునే మోసగాడికి అద్దెకు గుర్తింపు కార్డు, నమోదుకి 25 డాలర్ల ఫీజు లెక్కలోవి కావు. ఆగిపోయేది పాల కేంద్రానికి యాప్ రాసిన కుర్రాడు. ఎఫ్-డ్రాయిడ్ లాంటి ఉచిత యాప్‌ల దుకాణాల్లో పేరు చెప్పకుండా ఉచితంగా రాసిపెట్టేవాళ్లు. సైడ్‌లోడింగ్‌కి (ఇలా బయటి నుంచి యాప్ ఎక్కించుకోవడానికి) అడ్డు పెట్టొద్దని 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌ని 1337.76 కోట్ల జరిమానాతో పాటు ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఐఫోన్‌లో అయితే ఉచిత ఖాతాతో ఇలా సొంతంగా వేసుకోగలిగేది మూడు యాప్‌లే, ఏడు రోజులకోసారి మళ్లీ సంతకం. మనం అటే జారుతున్నామని నా భయం.

మీ తమ్ముడు చేయాల్సింది మాత్రం చిన్నదే. విద్యార్థులకూ సరదాగా రాసేవాళ్లకూ ఫీజు లేని ఖాతా ఉంటుందని గూగుల్ చెప్పింది. ఎన్ని ఫోన్లలో వేయొచ్చన్న దానికి పరిమితి ఉంటుంది. పన్నెండు ఆ పరిమితిలోకి వస్తే అదే చాలు, రాకపోతే 25 డాలర్ల ఖాతా ఒక్కసారి కట్టేది. రెండిట్లోనూ ప్యాకేజీ పేరును (ఫోన్ యాప్‌ని గుర్తుపట్టే పేరు), దాని కీని కలిపి నమోదు చేయాలి. అందుకే డీబగ్ కీ వదిలి రిలీజ్ కీకి మారే పని ఈ వారమే ముగించమనండి. మారేలోపు ఎవరూ పాత యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయకుండా పన్నెండు మందికీ ఈ రోజే మెసేజ్ పెట్టండి.