వెస్సెలింక్ ఇంటిపేరు వెతకబోయే ముందు

సౌమ్యా,

బాబు పుట్టాడు కదా, వాళ్ళ నాన్న డచ్చి ఇంటిపేరు వెస్సెలింక్ ఎక్కడిదో రాసిపెట్టాలనుంది, ఎలా మొదలుపెట్టాలి పెద్దమ్మా అని అడిగావు. చాలా సంతోషం వేసింది. ముప్పై ఏళ్ళుగా నెదర్లాండ్స్‌లో ఉన్నాను, మా వియ్యాలవారి వంశం నేనే వెతికాను కాబట్టి చెప్తున్నా. పేరుకు అర్థం దొరికితే పని అయిపోయిందనుకోకు.

అర్థం తేలికే. వెస్సెల్ అనేది పాత మగపేరు. చివరి 'ఇంక్' అంటే అతని తాలూకు వాళ్ళు అని. అలా అది వెస్సెల్ వాళ్ళ పొలానికి పేరైంది. జర్మనీ సరిహద్దున ఆఖ్టర్‌హూక్, ట్వెంటె ప్రాంతాల్లో ఇలాంటి పేర్లు బోలెడు. చిక్కంతా ఇక్కడే ఉంది. అక్కడ పేరు మనిషిది కాదు, పొలానిది. ఆ పొలంలోకి ఎవరు కాపురానికొస్తే వాళ్ళకి ఆ పేరు. ఇల్లరికం వెళ్ళిన అల్లుడు కూడా భార్య వాళ్ళ పొలం పేరే పెట్టుకునేవాడు.

మా వియ్యాలవారిదీ అలాంటి పేరే. అది తెలియక ఆర్నెల్లు ఆ పేరున్న తాతల వెంటే పడ్డాను. చివరికి ఒక చర్చి పుస్తకంలో, బాప్తిస్మం రాసిన చోట, తండ్రికి రెండు ఇంటిపేర్లు కనిపించాయి. మధ్యలో 'ఖెనామ్ట్' అనే చిన్న మాట. 'అనబడే' అని అర్థం. మొదటిది ఆయన పుట్టింటిది, రెండోది పెళ్ళయ్యాక చేరిన పొలానిది. ఆ ఒక్క మాట ముందే చూసుకుని ఉంటే అంత తిరుగుడు తప్పేది. నువ్వు మాత్రం ఆ మాట కనపడితే ఆగి చూడు.

కాబట్టి ఇవాళ్టి నుంచి వెనక్కి, ఒక్కో తరం నడువు. జననాలకు 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళకు 75, మరణాలకు 50 దాటితేనే ఆ పత్రాలు అందరికీ చూపిస్తారు. అందుకని దగ్గరి తరాలకు ఇంట్లోవాళ్ళే దిక్కు. ఆ పైవాటికి ఇక్కడి పాత జనన, పెళ్ళి, మరణ పత్రాలు వెతికే 'వీ వాస్ వీ' సైట్‌లో పేరు కొట్టి చూడు. పెళ్ళి పత్రం దొరికితే దాంతో జతచేసిన కాగితాలు తప్పకుండా తెరువు. వధూవరుల జనన పత్రం నకలు, తల్లిదండ్రులు పోయి ఉంటే వాళ్ళ మరణ పత్రం అందులోనే ఉంటాయి. ఒక్క పెళ్ళితో రెండు తరాలు తెలుస్తాయి.

1811 దగ్గర పద్ధతి మారుతుంది. అంతకుముందు చాలాచోట్ల చర్చి పుస్తకాలే ఆధారం. ఆ ఏడాది ఆగస్టు 18న, అప్పట్లో ఈ దేశాన్ని ఏలుతున్న ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ ఆజ్ఞ వచ్చింది, ఇంటిపేరు లేనివాళ్ళంతా ఒకటి పెట్టుకుని నమోదు చేయించుకోవాలని. ఫ్రెంచివాళ్ళని వెక్కిరించడానికే జనం వింత పేర్లు పెట్టుకున్నారని ఇక్కడ ఎవరైనా చెప్తారు. నమ్మకు. 'నగ్నంగా పుట్టిన' అనిపించే నాక్ట్‌ఖెబోరెన్ అనే పేరు అంతకుముందు నుంచే ఉంది. తండ్రి పోయాక పుట్టిన బిడ్డ అనే జర్మన్ మాట నుంచి వచ్చిందంటారు.

స్పెల్లింగ్ తేడా చూసి టెన్షన్ పడకు. అన్నదమ్ముల పేర్లే గుమాస్తాలు రెండు రకాలుగా రాసేవారు.

ముందు మీ అత్తగారిని 'ట్రౌబూక్యె' అడుగు. పెళ్ళినాడు ఇచ్చే చిన్న పుస్తకం అది, పిల్లల పుట్టుకలు కూడా అందులోనే రాస్తారు. వాళ్ళ అత్తగారిది కూడా దాచి ఉంచితే ఇంకా మంచిది. పేజీలన్నీ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు, కలిసి చదువుదాం.

మీ పెద్దమ్మ