రిజర్వేషన్ పక్కనే పైప్‌లైన్ పని: తెగ సభ్యుడికి యూనియన్ ఉద్యోగంలో ముందు చోటు ఇవ్వవచ్చా?

ప్రశ్న: నేను అమెరికాలో, మిన్నెసోటా ఉత్తర భాగంలో పైప్‌లైన్ పనులు చేసే ఒక సబ్‌కాంట్రాక్టు సంస్థలో ఫీల్డ్ ఇంజనీరుని. మా పని జరిగే చోటికి పాతిక మైళ్ల దూరంలో ఒజిబ్వే అనే ఆదివాసీ తెగవారి రిజర్వేషన్ (ఆ తెగకు ప్రత్యేకించిన భూభాగం) ఉంది. అక్కడి యువకుడొకరు వెల్డర్ హెల్పర్ పని కోసం యూనియన్ హాలుకు (కాంట్రాక్టర్లకు పనివాళ్లను పంపే యూనియన్ కార్యాలయానికి) వెళితే, సభ్యత్వం లేనిదే పేరు రాసుకోబోమని చెప్పారట. తెగవారికి ముందు ఉద్యోగమిస్తే జాతి వివక్ష కేసు పడుతుందని మా మేనేజరు అంటున్నారు. చట్టం ఏమంటుంది?

జవాబు: మీ మేనేజరు గారి భయానికి జవాబు, ఆయన ఏ చట్టాన్ని చూసి భయపడుతున్నారో ఆ 1964 నాటి పౌరహక్కుల చట్టంలోనే ఉంది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే ఏడవ అధ్యాయంలోని 703(ఐ) సెక్షను ప్రకారం, రిజర్వేషన్ మీదగాని దాని సమీపంలోగాని ఉన్న వ్యాపార సంస్థ, అక్కడే నివసించే ఇండియన్లకు (అంటే అమెరికా ఆదివాసులకు) ప్రాధాన్యం ఇస్తామని బహిరంగంగా ప్రకటించి ఆ మేరకు నడుచుకుంటే అది వివక్ష కిందికి రాదు. ‘సమీపం’ అంటే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దూరమని ఉద్యోగ సమానావకాశాల కమిషన్ అర్థం చెప్పింది. మీ పాతిక మైళ్లు అందులోకి ఇమిడిపోతాయి. అసలు కీలకం ‘బహిరంగంగా ప్రకటించి’ అన్న మాటలోనే ఉంది. మేనేజరు మనసులో ఉన్న సదుద్దేశం చాలదు, నియామకాలు మొదలు కాకముందే ఆ విధానం కాగితం మీదికి ఎక్కి, నోటీసు బోర్డులోను, ఉద్యోగ ప్రకటనలోను కనిపించాలి.

మన పాఠకులకు ఇక్కడ 2000 నాటి జీవో 3 గుర్తుకు రావచ్చు. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన ఆ ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో మన సుప్రీంకోర్టు కొట్టివేసింది. అమెరికా సుప్రీంకోర్టు 1974లో మోర్టన్ వర్సెస్ మన్‌కారీ కేసులో వేరే దారి పట్టింది: ఫెడరల్ ఇండియన్ వ్యవహారాల శాఖ ఉద్యోగాల్లో ఇచ్చే ప్రాధాన్యం జాతిని బట్టి కాక, ఫెడరల్ గుర్తింపు పొందిన తెగలో సభ్యత్వమనే రాజకీయ సంబంధాన్ని బట్టి ఇచ్చినదని తీర్పు చెప్పింది. అందుకే మీ సంస్థ ప్రకటనలో ‘ఫెడరల్ గుర్తింపు ఉన్న ఏ తెగ సభ్యులైనా’ అని రాయడం క్షేమం. ఒక్క తెగకే ప్రాధాన్యమివ్వడం జాతీయ మూలాన్ని బట్టి చూపే వివక్ష అవుతుందని పశ్చిమ రాష్ట్రాల అప్పీళ్లు వినే తొమ్మిదవ సర్క్యూట్ కోర్టు 1998లో చెప్పింది. ఆ తీర్పు మిన్నెసోటాను కట్టిపడేయదు, అయినా ఆ వివాదాన్ని కొని తెచ్చుకోవలసిన పని లేదు.

అయితే ఈ సెక్షను అనుమతి ఇస్తుందేగాని నిర్బంధించదు. నిర్బంధం వచ్చేది తెగ ప్రభుత్వం చేసుకున్న ఉపాధి హక్కుల చట్టం నుంచి; దానిని అందరూ ‘టీరో’ అంటారు. తెగ భూమి గుండా గొట్టం వేయాలంటే దారి హక్కు కావాలి కాబట్టి, ఆ ఒప్పందంలోనే సభ్యులకు ఉపాధి ప్రాధాన్యాన్ని షరతుగా పెట్టవచ్చని 2016లో అమలులోకి వచ్చిన సవరించిన ఫెడరల్ నియమాలు చెబుతున్నాయి. రిజర్వేషన్ సరిహద్దు దాటాక టీరో చట్టం తనంతట తాను వర్తించదు. అక్కడ మీ ప్రధాన కాంట్రాక్టులోనో, పర్మిట్ షరతుల్లోనో తెగవారి ఉపాధి గురించి మాట ఇచ్చారేమో వెతకండి. ఇలాంటి షరతులు తరచు అనుబంధాల్లో దాగి ఉంటాయి, సబ్‌కాంట్రాక్టర్ల చేతికి ఆ పేజీలు అందనే అందవు.

ఇక యూనియన్ సంగతి. పెద్ద పైప్‌లైన్ పనుల్లో నాలుగు వృత్తుల యూనియన్లు ఉంటాయి: వెల్డర్లు, వారి హెల్పర్లు యునైటెడ్ అసోసియేషన్‌లో, మట్టిపని కూలీలు లేబరర్స్‌లో, యంత్రాలు నడిపేవారు ఆపరేటింగ్ ఇంజనీర్స్‌లో, లారీ డ్రైవర్లు టీమ్‌స్టర్స్‌లో. హాలులో ఆ యువకుడికి చెప్పిన మాట నిజంగా అదే అయితే అది చట్టవిరుద్ధం. హాలు ద్వారానే మనుషులను తీసుకోవాలని ఒప్పందమున్న చోట, సభ్యుడు కాదన్న కారణంతో పేరు రాసుకోకపోవడం, వంతు తప్పించడం జాతీయ కార్మిక సంబంధాల చట్టానికి విరుద్ధం. సేవకు తగిన రుసుము మాత్రం అడగవచ్చు. నిర్మాణ రంగంలో సభ్యత్వ బాధ్యత పనిలో చేరిన ఏడు రోజుల తరవాతే మొదలవుతుంది. అప్పుడు కూడా చట్టం బలవంతపెట్టగలిగేది చందా వరకే. డకోటా రాష్ట్రాలు రెండింటిలో ఆ బలవంతం కూడా లేదు, మిన్నెసోటాలో ఉంది.

అదే చట్టంలోని 8(ఎఫ్) సెక్షను అనుభవం, శిక్షణలతోపాటు ‘ఆ ప్రాంతంలో పనిచేసిన కాలం’ ఆధారంగా కూడా వరస నిర్ణయించుకోవడానికి ఒప్పుకుంటుంది. ఊళ్లోనే ఏళ్లుగా నిర్మాణ పనులు చేసినవారికి ఇది పనికివస్తుంది, కొత్తగా వచ్చిన కుర్రవాడికి ఎదురు తిరగనూ వచ్చు. అందుకే టీరో కార్యాలయం, యూనియన్, కాంట్రాక్టరు ముందే కూర్చుని, టీరో జాబితాలోని వారిని హాలు పంపేలా రాతపూర్వకంగా ఒప్పుకోవడం మేలు.

ఆ యువకుడు చేయవలసినది: తెగ సభ్యత్వ కార్డుతో టీరో నైపుణ్య జాబితాలోను, హాలులో పనికోసం వేచి ఉన్నవారి జాబితాలోను ఒకేసారి పేరు నమోదు చేయించుకోవాలి. హాలులో తేదీ, సమయం వేసిన రసీదు అడగాలి. ఇవ్వకపోతే ఎవరు ఏమన్నారో అదే రోజు రాసి పెట్టుకోవాలి. హెల్పర్ చోటు దొరకడం ఆలస్యమైతే యంత్రాల వైపు కూడా ఆలోచించవచ్చు, మిన్నెసోటా ఆపరేటింగ్ ఇంజనీర్ల లోకల్ 49కు హింక్లీలో శిక్షణ కేంద్రం ఉంది. హాలు మళ్లీ తిప్పి పంపితే, ఆ రోజు నుంచి ఆరు నెలలలోపు జాతీయ కార్మిక సంబంధాల బోర్డుకు ఫిర్యాదు చేయాలి. తెగవాడన్న కారణంగానే కాదన్నారని ఆధారం ఉంటే సమానావకాశాల కమిషన్‌కు వెళ్లవచ్చు. మిన్నెసోటాలో దానికి గడువు 300 రోజులు. ఈ రెండు గడువులు విడివిడిగా నడుస్తాయి, ఒకచోట ఫిర్యాదు చేసినంత మాత్రాన రెండోది ఆగదు.